రెండు బర్రెల నీలం

దోషం లేని నీలంలో మూడు రోజుల్లో ఎనిమిది దోషాలు పట్టుకున్న మొనగాడు ప్రకాశం జిల్లాలో ఎవడైనా ఉన్నాడంటే అది నేనే. జిల్లా ఇప్పుడు చిన్నదైపోయింది కాబట్టి గొప్ప కాస్త తగ్గుతుందేమో. పాత జిల్లా ఉన్నా ఇదే మాట అనేవాణ్ణి. ఆ ఎనిమిదింటినీ నంబర్లు వేసి చిన్న పుస్తకంలో రాసుకున్నాను. అమ్మే మనిషి ముందు గొంతెత్తి చదివాను కూడా. చదవమని నన్నెవరూ బలవంతపెట్టలేదు. ఆ ఆలోచన పూర్తిగా నాదే.

మాది కనిగిరిలో ఫ్యాన్సీ దుకాణం. గాజులు, పిన్నులు, రోల్డుగోల్డు గొలుసులు, రాళ్ళ ఉంగరాలు. నాయన పెట్టిన కొట్టు. మా ఇంట్లో పిల్లలు ముందు బేరం నేర్చుకుని తరవాత మాటలు నేర్చుకుంటారు. మా అక్క సుశీల నాకంటే ఆరేళ్ళు పెద్ద. బావ పోయినప్పటి నుంచి కొట్లోనే కూర్చుంటుంది. ముప్పై ఏళ్ళకు పైగా గాజురాళ్ళు అమ్ముతూ ఏనాడూ ఒక గాజురాయిని కెంపు అని గానీ పచ్చ అని గానీ చెప్పలేదు. "కెంపు రంగమ్మా", "పచ్చ రంగమ్మా" అంటుంది. ఆ రంగు అనే మాటను మింగెయ్యవే తల్లీ అని వెయ్యిసార్లు మొత్తుకున్నాను. మింగలేదు.

వానలు మొదలైన రోజుల్లో గిద్దలూరు వైపు నుంచి గాజులకు వచ్చిన ఒకామె, తమ పక్క పల్లెలో కూలి చేసుకునే వాళ్ళింట్లో అసలు నీలం ఉందనీ, అమ్ముతారనీ కబురు చెప్పి పోయింది. ఆ మధ్యాహ్నం అక్క అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉంది.

"ఒరే సుబ్బా, నా చీటీ డబ్బు లక్షా డెబ్బై వేలుంది. నాకొక్క అసలు రాయి కావాలరా. ఒక్కటంటే ఒక్కటే. ఎవురన్నా చెయ్యి పట్టుకుని ఇదేందంటే, రంగు అనకుండా నీలం అని చెప్పుకోవాల."

"నువ్వు పోతే లక్షా డెబ్బై అంటారు. నేనొస్తా. లక్షా ఇరవైకి తెంపుతా" అన్నాను.

నోరు మూసుకుని వెంట పోయినా సరిపోయేది.

పొదిలి దారిలో

ఇప్పుడు ఆడవాళ్ళకు బస్సులో టికెట్టు లేదు గదా. కండక్టరు అక్కకు సున్నా టికెట్టు కొట్టి నా దగ్గర నూట పది తీసుకున్నాడు. ఇంత వయసు వచ్చినా ఏ సరుకునీ సున్నాకు బేరం తేలేకపోయాను. అక్క ఊరికే ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది.

పొదిలిలో ఎక్కినామె ఒకతె మా ముందు సీట్లో కూర్చుని, ఉడకబెట్టిన శనక్కాయలు వలుచుకుంటూ, మేమెందుకు పోతున్నామో రెండు నిమిషాల్లో అక్క చేత చెప్పించింది. నీలం అనేసరికి శనక్కాయల సంచీ పక్కన పెట్టేసింది.

"నీలమా! కొనేముందు మూడు రాత్రులు తలగడ కింద పెట్టుకోవాలక్కా. కలలు బాగుంటే పెట్టుకోవాల. చెడ్డ కలలొచ్చినా, ఏదన్నా కీడు జరిగినా వాపసు ఇచ్చేయాల. నీలం శనిది గదా. మా మరిది వినకుండా పెట్టుకున్నాడు. మూడో రోజే లారీ తిరగబడింది."

"దెబ్బలు తగిలినాయా?" అన్నాను.

"ఆయన లారీలో యాడున్నాడు? టీ తాగతా ఉన్నాడు. ఏం కాలే."

"అయితే రాయి కాపాడినట్టా, లారీని పడేసినట్టా?"

"అది మీరే తేల్చుకోవాలన్నా" అని మళ్ళీ సంచీ ఒళ్ళో పెట్టుకుంది.

నాకు చిరాకు పుట్టింది గానీ, ఆ చిరాకులోనే బుర్ర వెలిగింది. సరుకును మూడు రోజులు ఉత్తగా దగ్గర పెట్టుకోవచ్చు. ఆ మూడు రోజుల్లో నాకు ఏం జరిగినా దోషమే. ఎన్ని దోషాలు రాస్తే ధర అంత దిగుతుంది. పెద్దవాళ్ళు ఈ ఆచారాన్ని పెట్టిందే నాబోటి వాడి కోసం అనిపించింది.

మార్కాపురం: పలక మీద ధర

రాళ్ళు చూసి విలువ కట్టే కరీం భాయ్ మార్కాపురంలో ఉంటాడని మా బజారులో చెప్పారు. డెబ్బై ఏళ్ళ మనిషి. రెండు కుర్చీలు పట్టే గది, ఒక దీపం, ఒక భూతద్దం. ఆయన పద్ధతి వేరు. ధర నోటితో చెప్పడు. ఊరు పలకలకు పేరుపడింది గదా, బల్ల మీద చిన్నపిల్లల పలక ఒకటి ఉంటుంది. దాని మీద బలపంతో అంకె రాసి చూపిస్తాడు. చూశారనుకోగానే బొటనవేలితో తుడిచేస్తాడు. ఎదురు చెప్పాలంటే మనమూ రాయాలి. నేను నోరు తెరిచిన ప్రతిసారీ బలపం చేతికిచ్చాడు. నా ఆయుధాన్ని గుమ్మం బయటే పెట్టించుకున్నట్టుంది.

గిద్దలూరు నీలం సంగతి ఆయన విన్నాడు. "ఎవరి దగ్గరుందో తెలీదు. పాలెగాడి కత్తిపిడి మీది రాయంటారు, నల్లమలలో దాచినారంటారు. రాయి కనబడనన్ని రోజులు కథ పెరగతానే ఉంటది శెట్టీ" అన్నాడు.

అక్క కళ్ళు పెద్దవి చేసుకుని వింటోంది. "కోహినూరు కూడా మనవైపుదే అంటారు గదా భాయ్?"

"కృష్ణ ఒడ్డుదే. ఎంతమంది చేతులు మారిందో! కొట్టుకుని తీసుకున్నోళ్ళే గానీ, కొనుక్కున్నోడి పేరు ఒక్కటి చెప్పమ్మా. మీరు కొనుక్కుంటామంటున్నారు, అది మంచి పని."

తన బల్ల సొరుగులోంచి చిన్న కెంపు తీసి అక్క అరచేతిలో పెట్టాడు. అది అమ్మకానిది కాదట, వాళ్ళావిడ ముక్కుపుడకది. అక్క దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి తిప్పితిప్పి చూసింది. తిరిగి ఇచ్చేటప్పుడు రెండు చేతులతో ఇచ్చింది. మా కొట్లో రోజూ పిడికెళ్ళకొద్దీ ఎర్రరాళ్ళు చాటలో పోసి ఏరే మనిషి!

దొరికితే తెచ్చి చూపిస్తామని చెప్పి కంభం మీదుగా పోయే బస్సెక్కాం. కంభంలో టీ కోసం ఆపినప్పుడు టీకొట్టాయన్ను ఊరికే కదిలించాను. ఇక్కడ కథలో పాలెగాడు లేడు. దొరవారి భార్యకు ఆ రాయి వల్ల మతి చలించిందట, దొర చెరువులో విసిరేస్తే చేప మింగిందట. మార్కాపురం నుంచి కంభం రావడానికి పట్టినంత సేపట్లో కత్తిపిడి చేప అయిపోయింది. టీ పన్నెండు రూపాయలు. పదికి ఇమ్మంటే, గ్లాసు సగానికి పోసి పది అన్నాడు.

గిద్దలూరు: ఉగ్గాని

గిద్దలూరు చేరితే కర్నూలు వాసన తగులుతుంది. మా వైపు పొద్దున ఇడ్లీ తినేవాళ్ళం, ఇక్కడ ఉగ్గాని. బొరుగులు నానబెట్టి తాలింపు వేసి, పక్కన మిరపకాయ బజ్జీలు రెండు. ముప్పై ఐదు రూపాయలు. బాగుందని ఇంకో ప్లేటు తిన్నాను. దాని పర్యవసానం నా పుస్తకంలో ఐదో నంబరు.

లాడ్జి రోజుకు ఎనిమిది వందలన్నాడు. నాలుగు రాత్రులు ఒకేసారి మాట్లాడి ఏడొందలకు దించాను. "నాలుగొందలు మిగిల్చా" అని అక్కతో అంటే, "రాయి చూసినాక చెప్పు" అంది.

పేరు రాయని పల్లె

గిద్దలూరుకు అటో ఇటో ఆరు మైళ్ళలో ఆ పల్లె ఉంది. పేరు రాయను. ఒకసారి ఒకరికి చెప్పి బుద్ధి తెచ్చుకున్నాను.

ఆమె పేరు సువార్తమ్మ. యాభై దాటి ఉంటాయి. భర్త, ఆమె కూలికి పోతారు. రేకుల ఇల్లు, గోడ మీద శిలువ, క్యాలెండరు, గుమ్మం పక్కన మందార చెట్టు. మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి, మేం కోమట్లమని తెలిసి నీళ్ళు ఇవ్వాలా వద్దా అని ఒక్క క్షణం ఆగింది. అక్క తనే చెంబు అందుకుని తాగేసింది.

బియ్యపు డబ్బాలో చెయ్యి పెట్టి గుడ్డమూట తీసింది సువార్తమ్మ. విప్పింది.

నేను రాళ్ళు చూసి కరిగే రకం కాదు. నాకు ప్రతి రాయీ గ్రోసు, అంటే పన్నెండు డజన్లు, ఎంత అనే కనబడుతుంది. కానీ దాన్ని చూసి ధర అడగడం మరిచానని ఒప్పుకుంటాను. కందిగింజ కంటే పెద్దది, చింతగింజ కంటే చిన్నది. వాన వెలిసి మబ్బు తొలగిన చోట ఆకాశం ఉంటుందే, ఆ నీలం. మా కొట్లో నీలిరాయి ఒకవైపు నుంచే మెరుస్తుంది. ఇది ఎటు తిప్పినా లోపలెక్కడో ఇంకో దీపం ఉన్నట్టు వెలిగింది. అక్క తాకలేదు. చీర చెంగుతో చేతులు తుడుచుకుంటూ కూర్చుంది.

"మీ ఇంటికెట్ల వచ్చిందమ్మా ఇది?" అంది. కత్తిపిడీ, చేపా రెండూ ఆమె మనసులో ఉన్నాయి.

"మా తాత రైల్వే దొర దగ్గర వంట చేసేటోడంట. దొర పేకాటలో పోగొట్టుకుని మూడు నెల్ల జీతం ఇయ్యలేక ఇది ఇచ్చి బండెక్కినాడంట. మా అవ్వ తిట్టిన తిట్లు మా నాయన చెప్పి నవ్వేటోడు. రాయిని తాలింపు పెట్టుకుని తినమన్నాడా మీ దొర అని."

ధర అడిగాను.

"రెండు బర్రెలు."

"అంటే?"

"ఓబులేసు దగ్గర రెండు పాడి బర్రెలు చూసి పెట్టుకున్నా. రెండూ కలిపి లక్షా అరవై అంటాడు. ఆ డబ్బిస్తే రాయి మీది. కూలికి పొయ్యే ఓపిక తగ్గిందన్నా. పాలు పోసుకుని బతుకుతాం."

నేను మొదలుపెట్టాను. పాత చెక్కుడు అన్నాను, ఈ కాలపు పిల్లలు నీలం పెట్టుకోరన్నాను, లక్షకు పైన చేతిలో డబ్బు ఎవరి దగ్గరుందన్నాను. అంతా ఓపిగ్గా విని, "ఓబులేసు తగ్గిస్తే నేనూ తగ్గిస్తా అన్నా" అంది. పుట్టి బుద్ధెరిగాక ఇలాంటి గోడను గుద్దుకోలేదు. అమ్మే మనిషికి సరుకు విలువతో పనే లేకపోతే బేరగాడు దేన్ని పట్టుకుని లాగాలి?

అందుకని మూడు రాత్రుల సంగతి ఎత్తాను. ఆమె నవ్వింది. "మాకు శనివారం ఉంది గానీ శని లేడన్నా. మీకు కావాలంటే పెట్టుకు సూసుకోండి."

అక్క అడక్కుండానే తన రెండు బంగారు గాజులూ తీసి ఆమె చేతిలో పెట్టింది. "మేం రాయి తెచ్చిచ్చేదాకా ఇవి నీ దగ్గరుండనీ." సువార్తమ్మ వద్దు వద్దంటూనే గాజుల్ని అదే గుడ్డలో కట్టి బియ్యపు డబ్బాలో పెట్టింది.

మొదటి పొద్దు

తెల్లారి లాడ్జిలో తల మీద సబ్బు ఉండగా కుళాయి ఆగిపోయింది. కళ్ళు మండుతూనే సంతోషించాను. వెంటనే రాశాను.

గదిలోకి వస్తే అక్క మంచం మీద కూర్చుని తలగడ కింది మూటను చేతిలో పెట్టుకుని ఉంది. ముఖం కడుక్కోకముందే ముఖం కడుక్కున్నట్టుంది.

"కలేమన్నా వచ్చిందా?" పుస్తకం తీశాను.

"వచ్చిందిరా. నాయనొచ్చినాడు. కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చోనున్నాడు. నేను ఉంగరం చూపిచ్చినా. భూతద్దం పెట్టి చూసి, ఇది అసలుదేనే సుశీలా అని నవ్వినాడు. నాయన అంతలా నవ్వంగా నేనెప్పుడూ చూళ్ళేదు."

నేను ఆలోచించాను. పోయిన మనిషి కలలోకి వచ్చాడు. కొందరు దాన్ని మంచిది కాదంటారు. పుస్తకంలో రెండో నంబరు వేసి రాసుకున్నాను.

"ఏం రాస్తా ఉండావ్?"

"కొళాయి సంగతిలే" అన్నాను.

మళ్ళీ మార్కాపురం

రైల్లో పోయి కరీం భాయ్‌కి చూపించాం. రైలు గంట ఆలస్యం: మూడో నంబరు. ఆయన రాయిని తెల్లకాగితం మీద పెట్టి చూశాడు, దీపానికి ఎదురుగా చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకుని ఊపిరి వదిలి ఆవిరి ఎంతసేపట్లో పోతుందో చూశాడు. అక్కను పక్కకొట్లో సోడా తాగి రమ్మని పంపి, పలక తీసి అంకె రాశాడు.

రెండు లక్షల డెబ్బై ఐదు వేలు.

తుడిచేశాడు. వాళ్ళెంత అడిగారన్నట్టు గడ్డం ఎగరేసి బలపం చేతికిచ్చాడు. నేను పలక తీసుకుని లక్షా అరవై రాశాను. ఆయన దాన్ని కూడా తుడిచేసి, ఆ రోజు మొదటిసారి ధర గురించి నోరు తెరిచాడు.

"నోరు మూసుకుని కొనండి శెట్టీ."

ఇంతకంటే తేటగా నాకెవరైనా ఏం చెబుతారు? కానీ నేను విన్నదేమిటంటే, లక్షా పదిహేను వేలు లాభం ఉన్న సరుకు అని. లాభం ఉన్న చోట ఇంకో ఇరవై వేలు ఎందుకు వదలాలి? ఆ ఊపులో, నేనెంత మారుమూల నుంచి ఎంత పెద్ద రాయి పట్టుకొచ్చానో ఆయనకు తెలియాలని, పల్లె పేరూ, సువార్తమ్మ పేరూ, మందార చెట్టుతో సహా చెప్పేశాను. సరుకు ఎక్కడ కొన్నావో ఎవడికీ చెప్పొద్దన్నది నాయన నేర్పిన మొదటి పాఠం. అది పలక మీద రాసింది కాదు గనక తుడిచేయడం కూడా కుదరలేదు.

చూసినందుకు ఆయన మూడొందలు తీసుకున్నాడు. అదీ పలక మీదే రాశాడు.

బర్రెల ఆసామి

ఓబులేసు తగ్గిస్తే తానూ తగ్గిస్తానంది గదా సువార్తమ్మ. అయితే ఓబులేసునే తగ్గిద్దామని మూడో రోజు బయల్దేరాను. నీలం ధర దించడానికి బర్రెల బేరానికి పోయిన ఫ్యాన్సీకొట్టు మనిషి ఇంకొకడు ఉంటే నాకు చూపించండి. నాకు బర్రెకు ఎన్ని పళ్ళుండాలో కూడా తెలీదు.

ఓబులేసు పొట్టిగా, గట్టిగా ఉన్నాడు. నేను ధర అడగ్గానే భుజం మీది తువ్వాలు తీసి మా ఇద్దరి చేతుల మీదా కప్పి, దాని కింద నా వేళ్ళు పట్టుకున్నాడు. సంతలో పక్కవాడికి ధర తెలియకుండా వేళ్ళు నొక్కి బేరమాడతారట. అక్కడ మేమిద్దరమూ, రెండు బర్రెలూ, ఒక కుక్కా తప్ప ఎవరూ లేరు.

"నోటితో మాట్లాడుకుందాం ఓబులేసూ."

"నోటితో మాట్లాడితే బేరమెట్లయితది శెట్టీ? ఊసుపోక కబుర్లయితాయి."

మొన్న పలక, ఇవాళ తువ్వాలు. తిప్పలు పడి నేర్చుకుని లక్షా నలభై నొక్కాను. ఆయన తువ్వాలు తీసి భుజాన వేసుకుని, బర్రెల వైపు కొత్తగా చూశాడు.

"మొన్న సువార్తమ్మ అడిగె. ఇయ్యాల కనిగిరి నుంచి నువ్వొస్తివి. వారంలో ఇద్దరడిగినారంటే నేను తక్కువ చెప్పినట్టే గదా. లక్షా అరవై ఐదు."

"తగ్గించమని వస్తే పెంచుతావేందయ్యా!"

"నువ్వు రాకుంటే అరవైకే ఇచ్చేటోణ్ణి."

బయటికొస్తే గుమ్మంలో నా చెప్పు ఒకటే ఉంది. రెండోదాన్ని కుక్క ఎటో పట్టుకుపోయింది. ఒక కాలికి చెప్పుతో రోడ్డుదాకా నడిచాను. ఆ రోజు నా పుస్తకంలో ఆరు, ఏడు పడ్డాయి. సాయంత్రం ఫోను ఛార్జరు కాలితే ఎనిమిది.

అక్క మాత్రం మూడు రోజులూ లాడ్జి వసారాలో కూర్చుని, ఎండ మారినప్పుడల్లా రాయిని తిప్పి చూసుకుంది. లాడ్జి ఊడ్చే ఆమెను పిలిచి చూపించింది. "ఇదేందమ్మా?" అని ఆమె అడిగితే, "నీలం" అంది. మళ్ళీ ఒకసారి, అవసరం లేకపోయినా, "నీలం" అంది.

నాలుగో పొద్దు

డబ్బు అక్క సంచీలో ఉంది. లక్షా డెబ్బై. ఓబులేసు పెంచిన ఐదు వేలూ కలిపి ఇచ్చేసి ఉంగరానికి కొలత ఇచ్చి ఇంటికి పోవచ్చు. సువార్తమ్మ గాజులు బయటికి తీసి సిద్ధంగా పెట్టింది. ముగ్గురం తృప్తిగా ఉన్న ఆ క్షణంలో నేను పుస్తకం తీశాను.

ఒకటి, కుళాయి. మూడు, రైలు. నాలుగు, కంచెకు తగిలి ప్యాంటు చిరిగింది. ఐదు, కడుపు చెడింది. గొంతు పెంచుతూ పోయాను. సువార్తమ్మ చేటలో బియ్యం ఏరుకుంటూ వింటోంది. ఒక్కదానికీ చలించలేదు. నాకు రోషం పెరిగింది. మిగిల్చుకున్న రెండో నంబరు తీశాను.

"ఇయ్యన్నీ పోనీలేమ్మా. మొదటి రాత్రే చచ్చిపోయిన మా నాయన మా అక్కకు కల్లోకొచ్చి రమ్మని పిలిచినాడు. ఇంకేం కావాల? ఇట్లాంటి రాయిని తెలిసి తెలిసి ఎవురు కొంటారు? అయినా మాటిచ్చినాం గనక లక్షా నలభై ఇస్తా."

సువార్తమ్మ చెయ్యి చేటలో ఆగింది. "నాయన కల్లోకొస్తే దోషమేందన్నా? మా నాయన ఒక్కసారి నాకు కల్లోకొస్తే, ఆ రెండు బర్రెలు నేనే ఇస్తా ఎవురికన్నా."

జవాబు చెప్పబోతూ అక్క వైపు చూశాను. అక్క నా వైపే చూస్తోంది.

"పిలిచినాడా?" అంది.

"ఊరికే అన్నాలే, తరవాత చెప్తా." కనుసైగ చేశాను. ముప్పై ఏళ్ళుగా కొట్లో మా ఇద్దరి మధ్యా నడిచే సైగ. ఆమె దాన్ని చూడలేదు.

"రమ్మని పిలిచినాడా సుబ్బా? నాకు నవ్వినట్టే గుర్తుంది. చెయ్యి ఊపినాడేమో. ఇట్ల ఊపినాడా?" అని తన చెయ్యి తనే ఊపి చూసుకుంది.

"లేదక్కా! నేను కల్పించినా. బేరానికి!"

"నువ్వు బేరానికి చెప్పేదేదో, నిజంగా చెప్పేదేదో యాభై ఏళ్ళ నుంచి నాకు తెలియడం లే."

ఆమె మూటను సువార్తమ్మ ఒళ్ళో పెట్టింది. రెండు చేతులతో పెట్టింది. గాజులు తొడుక్కుంది. "బర్రెలు వేరే ఎవురన్నా ఇప్పిస్తారులేమ్మా" అంది.

రోడ్డుదాకా నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఆ రాయిని నేను పొగిడినట్టు కోహినూరును కూడా ఎవరూ పొగిడి ఉండరు. పలక మీద చూసిన అంకె చెప్పాను. అది దోషం లేని రాయని ఒట్టు వేశాను. కుళాయి మునిసిపాలిటీదన్నాను, కడుపు బజ్జీలదన్నాను, చెప్పు కుక్కదన్నాను. నా జన్మలో అన్ని నిజాలు వరసగా ఎప్పుడూ చెప్పలేదు. ఒక్కటీ అమ్ముడుపోలేదు. అక్క బస్సులో కిటికీ పక్కన కూర్చుని కళ్ళు మూసుకుంది. కండక్టరు ఆమెకు సున్నా టికెట్టు కొట్టాడు.

కనిగిరిలో

రెండు వారాలకు సువార్తమ్మ ఫోను చేసింది. మార్కాపురం నుంచి ఒక పెద్దాయన వచ్చాడట. రాయి చూశాడట. ఎంత అని అడిగితే రెండు బర్రెలు అందట. సంచీలోంచి పలక తీసి మూడు అని రాశాడట.

"నేను రెండే అంటే, ఆయన మూడు రాసినాడన్నా! నువ్వు చూపిచ్చినావంట గదా, నీ పుణ్యమే. ఓబులేసు దగ్గర ఇంకోటి కూడా తెచ్చుకున్నా. అదొక్కటే నేను చెప్పిన మాట వింటది. దానికి అక్క పేరు పెట్టినా, సుశీలని. అక్కకు చెప్పన్నా."

చెప్పాను. అక్క చాలా రోజుల తరవాత నవ్వింది. "పాలెంత ఇస్తదంట?" అని అడిగింది.

లెక్క

చదివేవాళ్ళు ఎవరైనా నీలానికి ఆ దారిన పోతారేమో, అందుకని ఖర్చు దాచకుండా రాస్తున్నాను. బస్సులు, రైలు, ఆటోలు ఏడు వందల నలభై, దాదాపు అంతా నాదే. లాడ్జి రెండు వేల ఎనిమిది వందలు. తిండి, టీలు, మజ్జిగ, ఐదో నంబరుకు మాత్రలు కలిపి పంతొమ్మిది వందల అరవై. కరీం భాయ్‌కి మూడు వందలు. గిద్దలూరులో కొత్త చెప్పులు రెండు వందల యాభై. మొత్తం ఆరు వేల యాభై.

బేరంలో మిగిల్చింది: లాడ్జిలో నాలుగు వందలు, చెప్పుల్లో యాభై.

పోగొట్టింది: రాయి ఒకటి. మా నాయన నవ్విన కల ఒకటి. దానికి ధర కట్టడం నాకు రాదు.

ఇంకొక్క పద్దు మిగిలింది. మొన్న మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు అక్క అద్దాల పెట్టె తెరిచి నీలిరాయి ఉంగరం ఒకటి తీసి వేలికి పెట్టుకుంది. సాయంత్రం ఒకామె చూసి అదేం రాయని అడిగితే, "నీలం రంగమ్మా" అంది. ఆ ఉంగరం ధర అరవై రూపాయలు. ఊరికే తీసుకోవే అన్నా వినకుండా అక్క కొంగుముడి విప్పి డబ్బు లెక్కపెట్టి నా గల్లాపెట్టెలో వేసింది. అరవైకి అరవై. బేరం ఆడలేదు.